సర్పంచ్ గారి బొటనవేలు

పొద్దున్నే కల్పన గోలెం దగ్గర ముఖం కడుక్కుంటూ ఎడమ చెయ్యి ఒక్కటి తడవకుండా దూరంగా పట్టుకుంది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్లు చెప్పిన పనులన్నీ ఆ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుంది మరి. కాలిపోయిన బోరు మోటారు, కూలిన బడి గోడ, నర్సమ్మ పింఛను అన్నీ అందులోనే ఉన్నాయి.

"అంట్లు తోమితె నీ సర్పంచ్‌గిరి అంత నీళ్లల్ల పోతది గదనే," అని అత్త సాలమ్మ నవ్వింది. "తియ్యి, ఇయ్యాల నేనే తోముత."

అరుగు మీద చాయ్ తాగుతున్న శివకుమార్ అదంతా చూశాడు. ఆత్మకూర్ (ఎస్) మండలంలోని ఆ ఊరికి కల్పన సర్పంచ్ అయి కొన్ని నెలలే అయింది. శివకుమార్ తనే నిలబడాలనుకున్నాడు గానీ సీటు మహిళలకు పోయింది. ఇంటర్ చదివిన భార్యను నిలబెట్టాడు, ఆమె గెలిచింది. గొర్రెలను వారపు అంగళ్లకు చేరవేసే ట్రాలీ ఆటో నడిపే మనిషి ఆనాటి నుంచి ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటలేదు. ఊరంతా ఆయన్నే సర్పంచ్ సాబ్ అంటుంది. కల్పన ఫోను కూడా ఆయన జేబులోనే ఉంటుంది. ఇందులో తప్పేముందో ఆయనకు తెలియదు. పెళ్లాం మీద ప్రేమకొద్దీ బరువంతా తనే మోస్తున్నానని ఆయన నమ్మకం.

ఆ అరచెయ్యి చూసి ఆయన మనసు చివుక్కుమంది. పెళ్లిరోజు దగ్గర పడింది. ఏటా చీరే కొంటాడు, ఈసారి సర్పంచ్‌కు తగ్గది కొనాలనుకున్నాడు. ఆ వారం కోదాడ అంగడిలో తమ పొట్టేలును అమ్మి, అటు నుంచి అటే ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లాడు.

"చేతిల పట్టుకునే డిజిటల్ డైరీ కావాలమ్మా. తేదీలు, పనులు రాసుకునేటట్టు ఉండాలె. మా ఇంటామెకు."

దుకాణంలో పనిచేసే స్వప్న పలకంత సైజువి నాలుగైదు తెచ్చి ముందు పెట్టింది. శివకుమార్ జేబులోంచి కల్పన గాజు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ గాజు పట్టే చెయ్యి. గంత పెద్దయి పట్టుకోలేదు."

స్వప్న నవ్వాపుకోలేకపోయింది. "గాజు కొలతతో వీటిని కొన్న వాళ్లను నేనెప్పుడూ చూడలేదండీ. అయితే ఇది చూడండి. అరచేతిలో ఇమిడిపోతుంది. పెన్నుతో తెలుగులో రాస్తే అచ్చు అక్షరాలుగా మారుస్తుంది. చెప్పిన టైముకు గుర్తు చేస్తుంది."

శివకుమార్ ఆ పెన్ను పట్టుకుని వంకరటింకరగా కల్పన అని రాశాడు. తెర మీద ఆ పేరు గుండ్రంగా, పెళ్లిపత్రికలో అచ్చయినట్టు కనిపించింది. ఇంకేం చూడలేదు, అదే ఖాయం చేశాడు.

"తెరవడానికి వేలిముద్ర పెట్టాలండీ. మేడం గారు వచ్చి పెడతారా?"

"ఆమె దాకెందుకు, నాదే పెట్టు. అన్నీ నేనే సూసుకుంట." దాంతో పాటు అడిగిన రహస్య నంబరుకు తన ఆటో నంబరే ఇచ్చాడు.

పెళ్లిరోజున దాన్ని అందుకుని కల్పన ఎంత మురిసిపోయిందంటే, సాలమ్మ చూస్తుందని కూడా లేకుండా మొగుడి చెయ్యి పట్టుకుంది. "నేను అరచేతిల రాసుకుంటున్న అని సూసినవా నువ్వు?" అంది. ఆ మాటకు శివకుమార్ ఛాతీ గజం పెరిగింది.

అయితే ఆ డైరీ తెరవాలంటే ఆయన వేలే కావాలి, రహస్య నంబరు ఆమెకు చెప్పలేదు. "నాది గూడ పెట్టరాదూ?" అని కల్పన రెండుమూడు సార్లు అడిగింది. "పెడ్త తియ్యి. నేను ఇంట్లనే ఉన్న గద, ఎందుకు పరేషాన్?" అన్నాడే గానీ పెట్టలేదు. ఆయన లేనప్పుడు గుర్తొచ్చిన పనులు మళ్లీ అరచేతిలోకే వెళ్లాయి.

ఇంతలో సూర్యాపేటలో సర్పంచుల మీటింగు వచ్చింది. ఊళ్లలో కంటి శిబిరాలు పెడతారట, ఏ ఊరికి ఏ రోజో అక్కడే తేలుస్తారట. శివకుమార్ తండ్రి కాటయ్యకు రెండు కళ్లలోనూ పొర కమ్ముకుంది. మందలో తన గొర్రె ఏదో చేత్తో తడిమి తెలుసుకుంటున్నాడు. అలాంటి ముసలివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. నాట్లు ఎప్పుడు అయిపోతాయి, ముసలివాళ్లను తోడుండి తీసుకురావడానికి ఇంట్లోవాళ్లు ఏ రోజుల్లో ఖాళీగా ఉంటారు అని కల్పన ఇల్లిల్లూ తిరిగి అడిగి డైరీలో రాసుకుంది.

మీటింగు హాలులోకి సర్పంచులనే రానిచ్చారు. శివకుమార్ వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. శిబిరాల తేదీలు రాసే పెద్ద మేడం ఒక్కో ఊరినే పిలుస్తూ కల్పన దగ్గరికి వచ్చింది.

"చెప్పండమ్మా, మీ ఊరికి ఏ రోజు పెట్టమంటారు?"

కల్పన లేచి డైరీ తీసింది. తెర నల్లగా ఉంది. పొద్దున శివకుమార్ తెరిచిచ్చిందే, ఇంతసేపటికి మూసుకుపోయింది. ఆమె వేలు పెట్టింది, తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. అందరూ చూస్తున్నారు. చివరికి కిటికీ దగ్గరికి నడిచింది. శివకుమార్ ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి చాపి బొటనవేలు ఆనించాడు.

హాలంతా ఘొల్లుమంది. "సర్పంచ్ లోపట, వేలు బయట," అన్నారెవరో వెనక నుంచి. కల్పన తల దించుకుని తన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మేడం తర్వాతి ఊరి పేరు పిలిచేసింది. కల్పన అడగాలనుకున్న రోజు ఆ ఊరికే రాసేసింది.

తిరుగుదారిలో ఆటో సూర్యాపేట దాటింది.

"నవ్వెటోళ్లు నవ్వుతరు. మనసుల పెట్టుకోకు," అన్నాడు శివకుమార్.

"ఆటో ఆపు."

ఆయన పక్కకు తీసి ఆపాడు.

"నాకని కొంటివి. తాళం మాత్రం నీ దగ్గర పెట్టుకుంటివి," అంది కల్పన.

"ఏం మాటలవి? మంచిగున్న పొట్టేలును అమ్మి తెచ్చిన. నీకు కష్టం కావద్దనే గద అంత నేను మోస్తున్న."

"నేను మొయ్యలేనని ఎవరు చెప్పిన్రు నీకు?" ఆమె ఆయన వైపు తిరిగింది. "మిర్యాలగూడల మా అమ్మ లేదా, సోమమ్మ. అక్షరం ముక్క రాదు. యాడికి పోయినా వేలిముద్రనే. సంతకం పెట్టరాదని ఆమె ఎంత సిగ్గుపడేదో నేను సూసిన. గందుకే నన్ను సదివించింది. నేను సంతకం పెడుతున్న, సర్పంచ్‌నైన. అయినా ఇయ్యాల నాకన్న మా అమ్మనే నయమనిపించింది. ఆమెకు ఆమె వేలన్న ఉండె."

శివకుమార్‌కు ఊచల మధ్య నుంచి లోపలికి వెళ్లిన తన చెయ్యి కళ్లముందుకు వచ్చింది. అప్పుడు తను సిగ్గుపడలేదు. పైగా ఆ నవ్వుల్లో కూడా కాస్త గొప్పగానే అనిపించింది, తన వేలు లేనిదే పని జరగదని. ఆ సంగతి గుర్తొచ్చి ఇప్పుడు తల కొట్టేసినట్టయింది. గాజు కొలిచి మరీ కొన్నాడు గానీ ఆ చెయ్యి మీద నమ్మకం మాత్రం ఉంచలేదు.

డైరీ తీసుకుని చాలాసేపు కుస్తీ పడ్డాడు. తన వేలిముద్ర తీసేశాడు. "ఇగ నువ్వు పెట్టు," అని అందించాడు.

కల్పన వేలు పెట్టింది, డైరీ ముద్రను పట్టుకోలేదు. కలుపు తీసీ తీసీ ఆ వేలు గరుకుబారింది. కొంగుకు తుడుచుకుని మెల్లగా ఒత్తి పట్టుకుంది. ఈసారి తెరుచుకుంది. ఆమె మొహంలోకి వచ్చిన వెలుగు చూసి శివకుమార్ కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు గానీ ఆమె నమ్మలేదు.

"రహస్య నంబర్ గూడ నువ్వే మార్సుకో, నాకు చెప్పకు," అంటూ జేబులోంచి ఆమె ఫోను తీసి ఒళ్లో పెట్టాడు. తర్వాత ఆటోను వెనక్కి తిప్పాడు.

"యాడికి?"

"మేడం ఇంక పోయి ఉండదు. నాయిన కళ్ల ముచ్చట అట్లనే ఇడిసిపెడ్తవా? పో, అడుగు. నేను గేటు బయట్నే ఉంట."

కల్పన ఒక్కతే లోపలికి వెళ్లింది. శివకుమార్ ఆటోలో కూర్చున్నాడు. వరండా కిటికీ వైపు కాళ్లు లాగుతున్నా కదల్లేదు. ఇంతలో ఆయన ఫోను మోగింది. ఊరి నుంచి గురవయ్య.

"సర్పంచ్ సాబ్, మా గల్లీల నల్లా నీళ్లు వస్తలేవు."

శివకుమార్ గొంతు సవరించుకున్నాడు. "నేను సర్పంచ్‌ను కాదన్నా. సర్పంచమ్మ లోపట మేడంతోని మాట్లాడుతుంది. నేను ఆమె పెనిమిటిని. ఆమె నంబర్ చెప్త రాసుకో, బయటికొచ్చినంక ఆమెకే చెయ్యి."

అంకె అంకె విడమరిచి చెప్పి ఫోను పెట్టేశాడు. వెనక అలికిడైతే తిరిగి చూశాడు. కల్పన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది. కళ్లనిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు. బొటనవేలు ఆనించి డైరీ తెరిచి ఆయన ముందుకు చాపింది. మేడం ఇచ్చిన శిబిరం తేదీ కింద మొదటి పేరుగా మామ కాటయ్య పేరు రాసి ఉంది. "పోదమా?" అంది. సర్పంచ్ గారి కోసం శివకుమార్ సీటు మీది దుమ్ము తుడిచి ఆటో స్టార్ట్ చేశాడు.