ఎర్రగుడ్డ కట్టిన కొస

నల్లగుండ్ల చెరువులో పాత తూము దగ్గరికి పొద్దుగూకాక ఎవరూ పోయేవారు కాదు. నీళ్ల అడుగున ఏదో ఉందని, మునిగినవాణ్ణే కాదు, పైన తాడు పట్టుకున్నవాణ్ణి కూడా గుంజుకుంటుందని గిద్దలూరు దాకా చెప్పుకునేవారు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల మాట. తనకే జరిగిందని అంకన్న తాత చెప్పగా విన్నాను.

కట్టకు పది బారల దూరంలో, నీళ్ల మధ్య ఒక రాతి తిప్ప. ఆ రాళ్ల అడుగునే తూము. దానికి బిగించిన మొద్దు తీయాలంటే తిప్ప మీంచి మునగాలి. మునిగేవాడి నడుముకు కట్టిన తాడు పైన పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలని ఆచారం. చెల్లెలి తాళి తన చేతిలో ఉంటే ఎవడు వదులుతాడు? మూడుసార్లు గుంజితే పైకి లాగమని గుర్తు.

అంకన్న అన్న బ్రహ్మం రెండేళ్ల కిందట అక్కడే పోయాడు. తాడు పట్టింది బావ వెంకటసుబ్బయ్య. దెయ్యం తాడు కొరికేసిందని గుండెలు బాదుకున్నాడు. శవం మూడోనాడు తేలింది గానీ నడుముకున్న తాడు ఊడిపోయి, దొరకలేదు. అన్నదమ్ములిద్దరూ ఆయన చెల్లెళ్లనే చేసుకున్నారు. కాబట్టి అంకన్న తాడు కూడా ఆయన చేతికే వచ్చింది.

ఆ రాత్రి కుండపోత వాన. కట్ట జారుతోంది. తూము తీయకపోతే కింద ఊరు ఉండదు.

"బావా... నువ్వుండావు గదా," అన్నాడు అంకన్న.

"నేనుండా. దిగు."

దిగాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. తడుముకుంటూ పోయి మొద్దు పట్టుకుని ఊపాడు. ఊడింది. నీళ్ల ఉరవడి కాళ్లను తూములోకి ఈడుస్తోంది...

అప్పుడు — ముఖం మీద ఏదో మెత్తగా పాకింది. మెడకు చుట్టుకుంది. పట్టుకుని తడిమాడు. తాడు. కొసన గుడ్డపీలిక. తన తాడు కాదు.

నడుముకున్న తాడు గుంజాడు. ఒకటి... రెండు... మూడు.

పైనుంచి ఎవరూ లాగలేదు. తాడు వదులై, చుట్టలు చుట్టలుగా అతని మీదికే దిగింది.

రాళ్లు పట్టుకుని ఎట్లా పైకి వచ్చాడో అంకన్నకే తెలీదు. తిప్ప మీద ఎవరూ లేరు. "భయం కాదు నాయనా, ఏడుపొచ్చింది," అనేవాడు తాత.

ఇంటికి వచ్చేసరికి వెంకటసుబ్బయ్య ఇద్దరు చెల్లెళ్ల మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు. "ఈ తాడూ తెగిపాయనమ్మా..."

అంకన్న రెండు తాళ్లూ తెచ్చి ఆయన ముందు వేశాడు.

బ్రహ్మం పెళ్లాం కొండమ్మ పాత తాడు చేతిలోకి తీసుకుంది. కొస నుంచి కొస దాకా తడిమింది. తెగిన చోటు ఎక్కడా లేదు. ఒక కొసన ఎర్రగుడ్డ — తన అన్న వెంకటసుబ్బయ్య చేయి జారకుండా, పైన పట్టుకునే చోట, తన పెళ్లి చీర చింపి తనే కట్టింది.

"ఇది నీ చేతికాడి కొస గదన్నా. నీళ్లల్లోకి ఎట్ల పోయింది?"

వెంకటసుబ్బయ్య తల ఎత్తలేదు. "దెయ్యం గుంజతాందనుకొంటి కొండమ్మా... ఇప్పుడూ అంతే. భయపడి వదిలేస్తి."

"ఆ పొద్దు... ఎన్నిసార్లు గుంజింది?"

ఆయన ఎర్రగుడ్డ కొస మీద చేయి పెట్టాడు.

"మూడు."