ఆపరేషన్ ఎర్రగీత

"మూడు నెలల్లో ముగ్గురు," అంది ఉపాధిపతి, మూడు ఫోటోలు బల్ల మీద పరుస్తూ. "ముగ్గురూ మనవాళ్ళే. వాళ్ళ చిరునామాలు మన సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు."

ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే సీక్రెట్ ఏజెంట్ అని ఎవరూ అనుకోరు. నలభై అయిదేళ్ళు, నూనె మరకల ఖాకీ చొక్కా, జేబులో స్క్రూడ్రైవర్. ఇవాళ్టి వేషం ప్రింటర్ మెకానిక్. శాఖలో ఆమెను జల్లెడ అంటారు. లక్ష లైన్ల లాగ్ ముందు పెడితే అందులో ఉన్న ఒక్క దొంగ లైన్‌ని జల్లించి తీస్తుందని ఆ పేరు.

"లాగ్ ఏమంటోంది మేడమ్?"

"ఏమీ అనట్లేదు. అద్దంలా ఉంది."

జల్లెడ మూతి విరిచింది. లాగ్ అంటే సర్వర్ రాసుకునే దినచర్య. ఎవరొచ్చారు, ఏ తలుపు తట్టారు, ఏం అడిగారు, అన్నీ అందులో పడాలి. మూడు నెలలపాటు ఒక్క లైనూ పడలేదంటే ఆ సర్వర్ మహా బుద్ధిమంతురాలని కాదు, ఎవరో దాని నోరు కుట్టేశారని. ఆ మాత్రం గ్రహించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఈ భవనంలో ఉన్నవాళ్ళందరివీ పెద్ద చదువులే.

"ముగ్గురూ పట్టుబడింది అధిపతిగారి నెలవారీ సమీక్ష జరిగిన మర్నాడే," అంది ఉపాధిపతి. "ఈ నెల సమీక్ష ఇవాళ మూడింటికి. సరిహద్దు అవతల ఆ ఊళ్ళో ఇంక మిగిలింది ఒక్కరు. రికార్డు పదిహేడు. అదెవరో నీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. రికార్డు పదిహేడు, కోడ్‌నేమ్ దర్జీ, జల్లెడకు స్వయానా అక్క. తల్లి పోయాక తల దువ్వి, జడలేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క. ఆరేళ్ళుగా సరిహద్దు అవతల, ఆరు కుట్టు దుకాణాలున్న వీధిలో, ఒక దుకాణంలో మిషన్ తొక్కుతోంది.

"వెంటనే వెనక్కి పిలిపించండి మరి!"

"అధిపతి సంతకం కావాలి. అడిగాను. రుజువేది, లాగ్‌లో ఏముంది అన్నాడు."

"లాగ్‌లో ఏమీ లేదుగా."

"అదే అన్నాడు."

ఆ అధిపతిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళని తలుచుకుని జల్లెడ పళ్ళు నూరింది. "సర్వర్ గది కోడ్‌వర్డ్ చెప్పండి," అంటూ లేచింది.

*

సర్వర్ గది నేలమాళిగలో ఉంది. బయటివాళ్ళ మెషీన్ల మీద నమ్మకం లేదని శాఖ తన సొంత సర్వర్ పెట్టుకుంది. సొంత సర్వర్ అంటే సొంత కాపలా కూడా అన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఏసీ హోరులో స్వెటర్ వేసుకుని, భయం భయంగా ఒక ఆపరేటర్ కూర్చుని ఉన్నాడు.

"రిబ్బన్ ఎండిపోయిందటగా?" అంది జల్లెడ.

ఆపరేటర్ వంగి, మానిటర్ అంచుకు అతికించిన పసుపు చీటీ చూసి చదివాడు. "నలుపు ఎండింది. ఎరుపు పనికొస్తుంది."

"రహస్య సంకేతం చీటీ మీద రాసుకున్నారా?"

"మర్చిపోతానేమోనండీ."

పక్క చీటీ మీద సర్వర్ పాస్‌వర్డ్ కూడా ఉంది.  జల్లెడ తిట్టడం మొదలుపెడితే మూడింటికి పూర్తవదు. కుర్చీ లాక్కుని లాగ్ ఏం రాయాలో, ఎక్కడ రాయాలో చెప్పే కాన్ఫిగ్ ఫైల్ తెరిచింది. మూడంటే మూడే లైన్లు.

లెవెల్: ఫేటల్. అంటే సర్వర్ ప్రాణం పోయేటప్పుడు తప్ప నోరు విప్పకూడదని అర్థం.

ఔట్‌పుట్: నల్. ఆ విప్పిన మాట కూడా ఎక్కడా పడకుండా గాలిలో కలిసిపోవాలని అర్థం.

మూడోది సర్వర్ కోసం కాదు, మనుషుల కోసం రాసిన వ్యాఖ్య. 'సార్ చెప్పారు. ఎర్ర గీతలు వద్దు.'

"ఏమిటీ ఎర్ర గీతలు?"

"మూడు నెలల కిందట పైవాళ్ళు తనిఖీకి వచ్చారండీ. లాబీలో పెద్ద తెర మీద లాగ్ నడుస్తోంది. హెచ్చరికలు ఎర్రగా పడతాయి కదా. ఆ ఎరుపేమిటని వాళ్ళడిగారు. సార్‌కి తల కొట్టేసినట్టయింది. అప్పుడు సెంటుబాబుగారు ఒక సలహా చెప్పారు. గీతలు రాకుండా చేస్తే సరిపోతుంది కదా అని."

"జబ్బు తగ్గకపోతే థర్మామీటర్ పగలగొట్టమన్నాడన్నమాట."

"సార్ చాలా సంతోషించారండీ. లెవెల్ మార్చమని నాకు చెప్పారు. నేను మార్చాను."

సెంటుబాబు గురించి జల్లెడ వినే ఉంది. శత్రు ముఠాలోంచి అధిపతి స్వయంగా మనవైపు తిప్పుకొచ్చానని చెప్పుకునే డబుల్ ఏజెంట్. నలగని తెల్ల సూటు, మెరిసే జుట్టు, అతనికంటే ముందు గదిలోకి వచ్చే సెంటు వాసన. వచ్చిన ఏడాదిలోనే సలహాదారు అయ్యాడు. కారిడార్‌లో అతను ఎదురైతే పెద్ద పెద్ద అధికారులే పొట్ట లోపలికి పీల్చుకునేవారు.

"రికార్డు తెరవాలంటే పద్ధతేమిటి?"

"ఎవరైనా అడిగితే సార్ టాబ్లెట్ మీద ఒక డబ్బా వస్తుందండీ. సరే, వద్దు అని రెండు బటన్లుంటాయి. సరే అంటే తెరుచుకుంటుంది. తొంభై సెకన్లు ఏమీ నొక్కకపోతే దానంతటదే వద్దు అయిపోతుంది."

"సార్ చదివే నొక్కుతారా?"

ఆపరేటర్ నేల చూపులు చూశాడు. "డబ్బాలంటే సార్‌కి చిరాకండీ. ఏదొచ్చినా సరే నొక్కేస్తారు."

జల్లెడ కీబోర్డు మీదికి వంగింది. సర్వర్ మొత్తానికి లెవెల్‌ని ఫేటల్ నుంచి వార్నింగ్‌కి, అంటే హెచ్చరికల దాకా, దింపింది. రికార్డుల విభాగానికి మాత్రం ఇంకా కింది మెట్టు, ఇన్ఫో పెట్టింది. రికార్డును ఎవరు అడిగారో లాగ్‌లో పడుతుంది, రికార్డులో ఏముందో పడదు. అక్క చిరునామాను తన చేత్తో తనే అచ్చు వేయించేంత తెలివి ఆమెకు లేదు. అలాంటి తెలివి పై అంతస్తుల్లో దొరుకుతుంది.

"డీబగ్ పెట్టెయ్యమంటారా?" అన్నాడు ఆపరేటర్ హుషారుగా.

"డీబగ్ పెడితే ఈగ వాలినా రాస్తుంది. కావలసిన లైన్ ఆ చెత్తలో కూరుకుపోతుంది."

"పోనీ ఔట్‌పుట్ ఫైల్‌కి పంపుదామా?"

"ఫైల్‌ని కూర్చున్నచోటు నుంచే చెరిపెయ్యొచ్చు. కాగితాన్ని చెరపాలంటే మనిషి లేచి రావాలి."

ఔట్‌పుట్ ఎదురుగా 'నల్' కొట్టేసి ప్రింటర్ పేరు రాసింది. మూడో అంతస్తు స్టోర్‌రూమ్‌లో, సమావేశపు హాలు గోడకు ఆనుకుని, పాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్ ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. పొద్దున్న వచ్చీ రాగానే దాన్ని బాగుచేసింది. మెకానిక్ వేషంలో ఉన్న మనిషి ఈ భవనంలో ఎవరి కంటికీ ఆనదు.

"రీస్టార్ట్ చేసేదా?" ఆపరేటర్ చెయ్యి చాపాడు.

ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "రీలోడ్ చాలు! రీస్టార్ట్ చేస్తే అందరి తెరలూ ఆరి వెలుగుతాయి. దొంగ సర్దుకుంటాడు."

రీలోడ్. సర్వర్ కాన్ఫిగ్‌ని మళ్ళీ చదువుకుంది. తెరలు రెప్ప కూడా వేయలేదు. టైమ్ రెండూ యాభై.

*

స్టోర్‌రూమ్ తలుపు తీసేసరికే ప్రింటర్ కీచుమంటూ ఒక లైన్ కొట్టింది. జల్లెడ ఆత్రంగా వంగి చదివింది.

'హెచ్చరిక. దర్జీ: ఇది పన్నెండో రోజు. ఎదురు కాఫీ కొట్లో అదే మనిషి. ఆరు దుకాణాల్లో నాదేదో వాడికి ఇంకా తెలియదు. పన్నెండు సార్లు చెప్పాను. మీరెవరూ వినట్లేదా?'

 ఏజెంట్లు పంపే ఆపద కబుర్లు సర్వర్‌లో హెచ్చరికలుగా పడతాయి. హెచ్చరికలంటే ఎర్ర గీతలు. పన్నెండు రోజులుగా అక్క పిలుస్తోంది. తెర అందంగా కనిపించాలని ఒక ముసలి వెధవ ఆ పిలుపును గాలికి వదిలేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే పాలే పోతాయి. వీడు కళ్ళు మూసుకుంటే మనుషులు పోతున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు, చంపేద్దామన్నంత కోపం వచ్చింది.

ఉపాధిపతికి ఫోన్ చేసింది. "ఇద్దరు గార్డుల్ని తీసుకుని హాలు తలుపు దగ్గరికి రండి. నేను లోపలికి వెళ్ళగానే మీరూ రండి."

గోడ అవతల సమీక్ష మొదలైంది. అధిపతి గొంతు గంభీరంగా వినిపిస్తోంది. "గత త్రైమాసికంలో మన సర్వర్ ఒక్క లోపం కూడా నమోదు చేయలేదు!" చప్పట్లు.

మూడూ ఇరవై రెండుకి ప్రింటర్ మళ్ళీ కీచుమంది.

'ఇన్ఫో. రికార్డు 17 తెరవమని కోరిక. ఖాతా: సలహాదారు. పరికరం: చేతి గడియారం. అనుమతి ఇవ్వవలసింది: అధిపతి. గడువు 90 సెకన్లు.'

జల్లెడ కాగితం చింపుకుని పరుగెత్తింది.

హాల్లో పొడవాటి బల్ల, ఇరవై మంది అధికారులు, నిద్ర ఆపుకుంటున్న ముఖాలు. చివర్న నిలబడి అధిపతి మాట్లాడుతున్నాడు. ముందు టాబ్లెట్. పక్కనే సెంటుబాబు, బంగారు గడియారం మీద వేలు ఆనించి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ కూర్చున్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు అధిపతి. "పక్క గదిలో ఆ గోలేమిటి? ముందు దాన్ని ఆపు!"

సెంటుబాబు ఓపిక పట్టలేక గడియారాన్ని తట్టాడు. గోడ అవతల కీచు. మళ్ళీ తట్టాడు. మళ్ళీ కీచు.

"అది ఆయన ఆపితే ఆగుతుంది సార్," అంది జల్లెడ, అతనివైపు చూపిస్తూ.

నిద్రపోతున్న వాళ్ళు కూడా తలలు తిప్పారు. సెంటుబాబు వేలు గాలిలో నిలిచిపోయింది. అయినా పనివాడే, గొంతు వణకనివ్వలేదు. "సార్, మీ టాబ్లెట్ మీద ఏదో డబ్బా వచ్చినట్టుంది. అడ్డం కదా, తీసేయండి."

"ఛ, మళ్ళీ వచ్చిందా!" అన్నాడు అధిపతి. ఆయన చూపుడు వేలు లేచింది. పన్నెండు మంది గూఢచారుల్ని పెట్టి శత్రువు సాధించలేని పని మూడు నెలలుగా చేసిపెడుతున్న వేలు. అలవాటు పడ్డ దారిలో, చదవకుండా, చూడకుండా, 'సరే' మీదికి దిగుతోంది.

జల్లెడ బల్ల మీదుగా దూకింది. కప్పులు పడ్డాయి, ఫైళ్ళు ఎగిరాయి. గాజుతెరకు బెత్తెడు దూరంలో అధిపతి వేలిని పిడికిట పట్టుకుంది.

"ఏయ్! నా వేలు!"

"పదకొండు సెకన్లు పట్టుకుంటాను సార్. తరవాత మీది మీకిచ్చేస్తాను."

శాఖ చరిత్రలో అధిపతి వేలు పట్టుకున్నవారు లేరు. అధికారులు నోళ్ళు తెరిచి చూశారు. ఎనిమిది. ఏడు. సెంటుబాబు తనే ఆ బటన్ నొక్కుదామని వంగాడు. జల్లెడ రెండో చేత్తో స్క్రూడ్రైవర్ తీసి అతని తెల్ల కఫ్‌ని బల్లకు గుచ్చింది. నాలుగు. మూడు. అధిపతి ఎడమ చెయ్యి వాడదామనుకున్నాడు గానీ ఆ ఆలోచన తలకెక్కేలోపు టైమ్ అయిపోయింది.

గోడ అవతల ప్రింటర్ తృప్తిగా ఒక లైన్ కొట్టింది. 'గడువు ముగిసింది. రికార్డు 17: తిరస్కరణ.'

ఉపాధిపతి గార్డులతో లోపలికి వచ్చేసరికి సెంటుబాబు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నాడు. అతనికి సూటు చిరిగిన బాధే ఎక్కువగా ఉన్నట్టుంది. గార్డు గడియారం విప్పుకున్నాడు. దాని వెనకవైపు ముఠా చిహ్నం చెక్కి ఉంది. ఏడాదిగా అందరి ముందూ పెట్టుకు తిరిగిన గడియారం. ఎంతయిందో అని అడిగినవాళ్ళే గానీ తిప్పి చూసినవాళ్ళు లేరు.

"ఆ ముగ్గురి రికార్డులకీ సరే అన్నది మీరే సార్," అంది ఉపాధిపతి.

అధిపతి వేలు నిమురుకుంటూ నిటారుగా నిలబడ్డాడు. "నేనా? ఎప్పుడు? లాగ్‌లో ఉందా? చూపించు!"

లాగ్‌లో లేదు. కుట్టేయమన్న నోరు ఆయన్నే కాపాడింది. అయితే దర్జీ పంపిన పన్నెండో రోజు కబురు ఎర్రగా అచ్చై ఉంది, ఇరవై మంది కళ్ళెదుట ఉంది. రుజువు అడిగినవాడికి రుజువు చూపించారు. దర్జీని వెనక్కి పిలిపించే ఉత్తర్వు మీద ఆయన సంతకం పెట్టాడు. అది కూడా చదవకుండానే పెట్టాడు.

*

ఆరు దాటేదాకా జల్లెడ ఆ స్టోర్‌రూమ్‌లో, అట్టపెట్టె మీద, ప్రింటర్ ఎదురుగా కూర్చుంది. ఆరూ పదికి అది కదిలింది.

'హెచ్చరిక. దర్జీ: మీ మనుషులొచ్చారు. షట్టర్ దించాను. సరిహద్దు దాటాను. మొత్తానికి విన్నారన్నమాట. ఎవరు విన్నారో నాకు తెలుసు. తల దువ్వుకుని అన్నం తిను.'

అప్పుడు వచ్చింది ఏడుపు. ఖాకీ చొక్కా చేతులతో ముఖం తుడుచుకుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది.

తలుపు తట్టి ఆపరేటర్ లోపలికి వచ్చాడు. చేతిలో మెమో. అధిపతి స్వయంగా సంతకం చేసింది. శత్రు గూఢచారిని తన సమయస్ఫూర్తితో పట్టించినందుకు ఆయన తనను తానే అభినందించుకున్నాడు. చివర్లో ఒక ఆదేశం. 'స్టోర్‌రూమ్ ప్రింటర్ శబ్దం వల్ల సమీక్షకు భంగం కలిగింది. వెంటనే లెవెల్ మార్చవలెను.'

"సార్ చెప్పారండీ," అన్నాడు ఆపరేటర్ బెరుగ్గా. "మార్చాలి మరి."

"మార్చకపోతే ఎలా?" అంది జల్లెడ. నేలమాళిగకు దిగి, కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, అధిపతిగారి ఒక్క ఖాతాకు లెవెల్‌ని డీబగ్‌కి మార్చి, రీలోడ్ నొక్కింది.

మూడో అంతస్తులో ప్రింటర్ అరవడం మొదలుపెట్టి, ఆయన ఇంటికి వెళ్ళేదాకా ఆపలేదు.