పాలు పొంగని ఇల్లు

గడప మీద సువర్చల వేలిముద్ర పడగానే గోడ మేలుకుంది.

"పొంగు సాక్షి హాజరు. ఇంటి బాధ్యత, భాగస్వామి," అంది.

సువర్చల వంటగట్టు మీద పొయ్యి పెట్టి, గిన్నె పెట్టి, పాలపొట్లం పక్కన ఉంచి వెనక్కి జరిగింది. పొద్దుట నుంచి ఇంటింటా ఇదే పని. పాలు పోయవలసింది ఇల్లాలు. సాక్షి చూస్తూ నిలబడి, పొంగగానే "పొంగింది" అనాలి. అంతకు మించి నోరు విప్పకూడదు. పాలు గట్టు మీద పడ్డ క్షణాన ఇల్లు, కట్టిన భాగస్వామి కంపెనీ చేతిలోంచి గృహశాఖ చేతికి వస్తుంది. నీళ్లూ కరెంటూ వస్తాయి. సాయంత్రానికల్లా శాఖ దాన్ని నివాస సంఘానికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటుంది. స్థలం ప్రభుత్వానిది, కట్టుబడి కంపెనీది, కూలితే మాత్రం అందులో ఉన్నవాళ్లది. దీనికి ఉమ్మడి బాధ్యత అని పేరు పెట్టినవాడెవడో గాని, వాడికి సిగ్గు లేదు.

కిందటి వానల్లో పక్క సముదాయం కూలింది. పాలు పొంగాయి గనుక మాది కాదంది భాగస్వామి. సంఘానికి ఇచ్చేశాం గనుక మాదీ కాదంది శాఖ. శవాలను మాత్రం బంధువులే తీసుకెళ్లారు.

ఈ భవనాన్ని కూడా కాంక్రీటును పొరలుగా అచ్చుపోసే ముద్రణ యంత్రమే కట్టింది, తీరంలో ఎత్తిన ఇసుకతో, కడగకుండా. ఉప్పు లోపలి ఇనుమును తింటోంది. గోడలోని ఇనుము చప్పుడు వినే లోహశ్రవణి సువర్చల మణికట్టు మీద నుంచి ఆ సంగతి ప్రతి ఇంట్లోనూ ఆమె చెవికి చెబుతూనే ఉంది. సాక్షి నివేదికలో దానికి చోటు లేదు.

మైలపల్లి నూకరత్నం కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. నెలలు నిండిన ఆమె కూతురు ఆయాసపడుతూ గుమ్మం దగ్గర చతికిలబడింది. సముద్రం వాళ్ల పేటను మింగినప్పటి నుంచీ డేరాలోనే కాపురం. వాళ్ల వెనకే భాగస్వామి తరఫు మనిషి ఫణీంద్ర వచ్చాడు.

"కానివ్వండమ్మా. పక్కిళ్లవాళ్లు కూడా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నారు," అన్నాడు.

నూకరత్నం పాలు పోసి దణ్ణం పెట్టుకుంది. ఆమె మొహంలోని సంతోషం చూస్తుంటే సువర్చలకు ఏడుపొచ్చింది.

"గోడేటి ఇంత సెమ్మగా ఉంది?" అంది నూకరత్నం, చెయ్యి ఆనించి.

"కొత్తిల్లు కదా, ఆరిపోతుంది," అన్నాడు ఫణీంద్ర.

"నానడిగింది నిన్ను కాదు బాబూ." ఆమె సువర్చల వైపు తిరిగింది. "నువ్వు సెప్పమ్మా. నువ్వయితే పురిటి పిల్లని ఇందులో పడుకోబెడతావేటి?"

పాలు అంచుదాకా లేస్తున్నాయి. ఇంకాసేపు నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఈ తల్లికి ఇల్లూ దక్కుతుంది. సువర్చలకు తన మీద తనకే రోత పుట్టింది.

"పడుకోబెట్టను," అంది. "లోపలి ఇనుమును ఉప్పు తినేసింది. వచ్చే వానలకు ఆగదు."

"సాక్షి నియమం తప్పింది," అని గోడ అరిచింది. నూకరత్నం కొంగుతో గిన్నె పట్టుకుని దించేసింది. లేచిన పాలు పొంగకుండానే గిన్నెలోకి అణిగిపోయాయి.

ఫణీంద్ర మీదికొచ్చాడు. "ఏంటమ్మా ఇది! పొంగకపోతే మీ వంతు పోతుంది. మళ్లీ డేరాయే!"

"పాలు పొంగనేదు కదా. మరి ఇల్లెవులిది?"

"ఇంటి బాధ్యత, భాగస్వామి," అంది గోడ.

"అంతే నీదే కదా బాబూ. కొత్తింట్లో ఇంటోళ్లు నిద్ర సెయ్యాల. ఈ రాత్రికి నీ పెళ్లాం బిడ్డల్ని తెచ్చుకోని ఇక్కడే పడుకో. పొద్దున్న మీరు సల్లగా లేత్తే, పాలు నానే పొంగించుకుంతాను."

పక్కిళ్ల ఆడవాళ్లు గుమ్మంలో మూగారు. ఫణీంద్ర నవ్వబోయాడు. గోడ వంక చూశాడు. కప్పు వంక చూశాడు.

"మాకు చిన్నపిల్ల ఉందండీ," అన్నాడు.

పక్కింటావిడ వెనక్కి వెళ్లి తన పొయ్యి మీది గిన్నె దించేసింది. ఆ పక్కావిడ కూడా దించింది. భాగస్వామి, భాగస్వామి అని గోడలు చెప్పుకుంటూ పోవడం కింది అంతస్తు దాకా వినబడింది.

నూకరత్నం పాలు చల్లార్చి కూతురి చేత తాగించింది. రెక్క పట్టుకుని లేపింది. బయట డేరాల మీద చినుకులు మొదలయ్యాయి.

"మెల్లగా దిగే, మెట్లు తడిగున్నాయి," అంది.