విడుదల రోజు ధర

"ఇప్పుడే కొనకండి. రెండు వారాలు ఆగితే పావు వంతు తగ్గుతుంది."

అతను ఆ మాట మెల్లగానే అన్నాడు. కానీ బొమ్మల షాపు మరీ ఇరుకు. అల్మారాల మధ్య ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సిందే. అంచేత ఆ మాట షాపులో ఉన్న అందరి చెవినా పడింది. అప్పటిదాకా పెట్టెను అపురూపంగా పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి దాన్ని తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేశాడు. ఆయన వెనకున్నావిడ కూడా అదే పని చేసింది.

కౌంటరు దగ్గరున్న ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు 'సముద్ర రాకాసులు' విడుదల. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావవి. అరచేతిలో పట్టేంత ఉంటాయి. పెద్దవాళ్ళు ఒక్కొక్కటిగా కొని గాజు అల్మారాలో దాచుకుంటారు. షాపు ఆమె మావయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. ధరలు పెట్టడం, సరుకు తెప్పించడం మాత్రం ఆమె పని. మావయ్యకి వదిలేస్తే ఎవరు కాస్త దీనంగా చూసినా సగం ధరకి ఇచ్చేసేవాడు.

"ఏవండీ, మీరు కొంటారా, కొనరా?" అంది ఆమె.

"కొంటాను. ఇప్పుడు కాదు."

"మరి కొనేవాళ్ళని ఆపడం దేనికి?"

"నేను ఆపలేదండీ. ఆయన అడిగారు, చెప్పాను."

"ధర గురించి చెప్పడానికి మీరేమైనా ఈ షాపు ఓనరా?"

"కాదండీ. నేను పైన పళ్ళు చేస్తాను."

"పళ్ళా?"

"కట్టుడు పళ్ళు. పై అంతస్తులో డెంటల్ ల్యాబ్ ఉంది కదా, అక్కడ."

మావయ్య ఏదో పడిపోయినట్టు కౌంటరు కిందకి వంగాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నవ్వాపుకుంటున్నాడని ఆమెకు అర్థమై ఇంకా ఒళ్ళు మండింది.

అతనికి ఫోన్లో ఓ పేజీ కూడా ఉందని ఆ సాయంత్రం తెలిసింది. దాని పేరు 'తొందరపడకు'. ఏ కొత్త బొమ్మ ఏ షాపులో ఎప్పుడు తగ్గుతుందో అందులో ముందే చెప్తాడు. ఊళ్ళో బొమ్మలు దాచుకునేవాళ్ళంతా ఆ పేజీ చూసే పర్సు తీస్తారు. ఎదురు రోడ్డులో పెద్ద మాల్ ఉంది. దానిలోని స్టోరు విడుదలైన కొన్నాళ్ళకే కూపన్ల పేరుతో ధర దించేస్తుంది. అతని జోస్యం తప్పకపోవడానికి కారణం అదే.

ఆ రోజు నుంచి షాపులో అతని పేరు తొందరపడకు.

"నీ తొందరపడకు వచ్చాడే!" అనేవాడు మావయ్య, మధ్యాహ్నం అతను మెట్లు దిగుతుంటే.

"నా తొందరపడకేమిటి? నువ్వే ఉంచుకో."

అతను రోజూ వచ్చేవాడు. ఏమీ కొనేవాడు కాదు. ఒక్కో బొమ్మనీ చూసి ఏదో ఒకటి అనేవాడు.

"ఈ రాకాసికి ఎడమ కన్ను కొంచెం పైకి ఉందండీ."

"మిమ్మల్ని చూడలేక పైకి చూస్తోంది."

నవ్వేవాడు. అదే ఆమెకు నచ్చేది కాదు. తిట్టినా నవ్వేవాణ్ణి ఏం చెయ్యాలి?

రాకాసుల్లో రెండో విడత బొమ్మల విడుదలకు ముందు ఆమెకో ఆలోచన వచ్చింది. అందరూ ముందు ఎక్కువకి అమ్మి తర్వాత తగ్గిస్తారు. తను తిరగేసి చేస్తుంది. మొదటి రోజే తగ్గింపు, మర్నాటి నుంచి పూర్తి ధర. ఆగినవాడే బాధపడాలి.

"కంపెనీ ఊరుకుంటుందా?" అన్నాడు మావయ్య. కొత్త సరుకు మీద మొదటి నెల ధర తగ్గించకూడదని రూలుంది.

"మనలాంటి చిన్న షాపుని ఎవరు చూడొచ్చారు?"

విడుదల రోజు తొందరపడకు వచ్చాడు. ధర చీటీ చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు.

"ఇది పొరపాటున పడిందా?"

"లేదండీ. రేపటి నుంచి అసలు ధర."

"అంటే... ఇవాళే కొనాలా?"

"మీ ఇష్టం. ఆగితే ఆగండి." ఆమె ఎంతో తియ్యగా అంది.

అతను పడ్డ యాతన చూస్తే ఆమెకు కడుపు నిండిపోయింది. షాపు ఆ చివరికి వెళ్ళాడు, ఈ చివరికి వచ్చాడు. చివరికి ఓ పెట్టె కౌంటరు మీద పెట్టి కళ్ళు మూసుకున్నంత పని చేశాడు. విడుదల రోజున కొనడం అతనికి జన్మలో అదే మొదలు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పైకి వెళ్ళి పేజీలో రాశాడు: 'ఈ ఒక్కసారికి తొందరపడండి.' కింద షాపు పేరు, ధర చీటీ ఫోటో.

సాయంత్రానికి మెట్ల దాకా జనం. మావయ్య ఆనందానికి అంతు లేదు.

మర్నాడు కంపెనీ సరుకు పంపే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఫోటో వాళ్ళూ చూశారు. ఇకమీదట ఈ షాపుకి సరుకు పంపరట.

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. రాకాసులు లేకపోతే షాపులో మిగిలేవి రంగు వెలిసిన పాత కార్లే.

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ ల్యాబ్‌లోకి దూసుకెళ్ళింది. బల్ల మీద వరసగా పళ్ళు. మధ్యలో అతను, చేతిలో సన్నటి బ్రష్షు.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను ఆ ఫోటో?" మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఆమె గమనించలేదు.

"మీ షాపుకి మంచి జరుగుతుందని..."

"జరిగింది! సరుకు ఆపేశారు. మావయ్య కింద తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంకేమైనా మంచి మిగిలిందా చెయ్యడానికి?"

అతని మొహం పాలిపోయింది. వెంటనే ఏప్రన్ విప్పేశాడు.

"పదండి, వాళ్ళ ఆఫీసుకి వెళ్దాం."

"వెళ్ళి?"

"జరిగింది జరిగినట్టు చెప్దాం."

"జరిగింది వాళ్ళకి తెలిసే కదయ్యా మన కొంప మునిగింది!"

అయినా వెళ్ళారు. ఆఫీసులో మేనేజరు మేడం గది నిండా వెనక్కి వచ్చిన బొమ్మల అట్టపెట్టెలు. కూర్చోమనడానికి కుర్చీ మీదవి రెండు దించాల్సి వచ్చింది.

"రూలు తెలిసే చేశావా?" అంది మేడం.

"తెలిసే చేశాను మేడం. తప్పే." ఆమె తలెత్తే చెప్పింది. "మాల్‌లో కూపన్లిస్తే అడిగేవాళ్ళు లేరు. మా అల్మారాలో బొమ్మల మీద దుమ్ము పేరుకుంటోంది. ఏం చెయ్యమంటారు?"

"కూపన్ల సంగతి నాకూ తెలుసు. పై ఆఫీసుకి రాసి రాసి విసిగిపోయాను." మేడం కళ్ళజోడు తీసి అతని వంక చూసింది. "నువ్వెవరు బాబూ?"

"ఆ ఫోటో పెట్టింది నేనేనండీ." అతను ఓ పెట్టె తీసి చూస్తున్నాడు. "ఇవెందుకు వెనక్కొచ్చాయి?"

"కన్ను వంకర, మూతి వంకర. రంగు సరిగ్గా లేదని తెచ్చి మొహాన కొడుతున్నారు."

"ఇది నేను సరిచెయ్యగలను. పళ్ళకి రంగు కలిపేదే నా పని కదా. ఆ షాపులో కొన్నవాళ్ళకి ఊరికే చేసిస్తాను. ధర తగ్గించక్కర్లేదు, జనం వస్తారు, మీకూ వెనక్కి రావు."

మేడం అట్టపెట్టెల్లో వెతికింది. తర్వాత నీలం రాకాసిని ఒకదాన్ని అతని చేతిలో పెట్టింది. "చెయ్యి. చూస్తాను."

రెండు రోజుల్లో ఆ రాకాసి చక్కటి చూపుతో తిరిగి వెళ్ళింది. సరుకు మళ్ళీ వచ్చింది. చీటీ మీద ఒక్క అంకె మారినా ఊరుకోనని మేడం హెచ్చరిక కూడా వచ్చింది.

అప్పటి నుంచి ఆదివారాలు షాపు మూల అతనికో చిన్న బల్ల, దీపం. జనం విడుదల రోజు ధరకే కొని, నేరుగా ఆ మూలకి వెళ్ళి నిలబడేవాళ్ళు. కన్ను గీసేటప్పుడు అతను ఊపిరి బిగపట్టేవాడు. తనూ బిగపడుతోందని ఆమెకు చాలా రోజులకు తెలిసింది.

పోట్లాటలు మాత్రం తగ్గలేదు. బ్రష్షులు ఆమె టీ కప్పులో కడిగేవాడు. కోపం వస్తే ఆమె దీపం ఆర్పేసేది. చీకట్లో "అయ్యో, కన్ను!" అని అరుపు వినబడేది. వానలు మొదలయ్యాక ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాపుకి నడిచేవాళ్ళు, గొడుగు ఎవరి వైపు వంగిందని తగువు పడుతూ. అతని కుడి భుజం ఎప్పుడూ తడిసే ఉండేది. మనసులో మాట మాత్రం బయటపెట్టేవాడు కాదు.

"వాడేమైనా అన్నాడా?" అని మావయ్య ఆరా తీసేవాడు.

"అన్నాడు. తెల్ల రంగు అయిపోయిందట."

మావయ్య నుదురు కొట్టుకునేవాడు.

ఇంతలో అమ్మ ఓ సంబంధం చూసింది. ఆ సంగతి ఆమె పనిగట్టుకుని అతని బల్ల దగ్గరికెళ్ళి చెప్పింది.

"అబ్బాయి ఇంజనీరట. వచ్చే ఆదివారం వస్తున్నాడు."

బ్రష్షు ఆగింది. "వచ్చే ఆదివారమా?"

"ఆఁ."

"ఇంత త్వరగానా? తొందర... పడకండి."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంతేనా? ఇంకేమీ లేదా చెప్పడానికి?"

"అది కాదు... ఆలోచిస్తున్నాను."

"ఆలోచించు. బాగా ఆలోచించు. ముందు ఆ కన్ను ఆరనీ, తర్వాత మిగతాది ఆలోచించు!" ఆమె విసవిసా లోపలి గదిలోకి వెళ్ళి ఖాళీ పెట్టెల్ని దడదడా పడేసింది.

"ఆ పెట్టెలేం చేశాయే నిన్ను?" అన్నాడు మావయ్య బయట నుంచి.

మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా ఆమె తల ఎత్తేది. ఎత్తినందుకు తన మీద తనే విసుక్కునేది. అతన్ని తిట్టాలంటే అతను ఎదురుగా ఉండాలి కదా, అదీ లేకుండా చేశాడు.

ఆమె అమ్మ స్కూలు వ్యాను నడుపుతుంది. ఓ సాయంత్రం కుండపోతగా వాన కురుస్తుంటే, చివరి పిల్లల్ని దించి బయల్దేరబోతున్న అమ్మ వ్యాను ముందు ఓ మనిషి చేతులు చాపి నిలబడ్డాడు. అమ్మ బ్రేకు మీద నిలబడినంత పని చేసింది.

"చావడానికి నా బండే దొరికిందా?"

"ఆంటీ, నేను మీ అమ్మాయి షాపు పైన..."

"పళ్ళ అబ్బాయివా? మా తమ్ముడు చెప్పాడు. ఎక్కు, ముందు ఎక్కు. ఎలా తడిశావో చూడు."

ఎక్కాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పిల్లల సీటులో ఇరుక్కున్నాడు.

"మీ అమ్మాయంటే నాకిష్టమండీ. పెళ్ళి చేసుకుంటాను."

అమ్మ అద్దంలోంచి చూసింది. "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"తను కాదంటే ఆ షాపులోకి మళ్ళీ అడుగు పెట్టలేనండీ. చెప్పకపోతే కనీసం రోజూ చూడొచ్చు కదా అనుకున్నాను."

అమ్మ గేరు మార్చింది. వ్యాను తిప్పింది.

షాపు ముందు సందు ఇరుకు. అక్కడ బండి ఆపకూడదు. అమ్మ అక్కడే ఆపి హారన్ కొట్టింది. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి వ్యానులోంచి అతను దిగుతున్నాడు, తడిసి ముద్దయి.

"ఏమే, ఈ అబ్బాయి నిన్ను చేసుకుంటాడట. నాకైతే నచ్చాడు. ఆ ఇంజనీరు వాళ్ళకి ఏం చెప్పమంటావు?" అంది అమ్మ కిటికీలోంచి.

ఆమె అమ్మని చూసింది, అతన్ని చూసింది.

"మా అమ్మకి చెప్పావా? నాకంటే ముందు మా అమ్మకి చెప్పావా?"

"నాకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు," అన్నాడు మావయ్య వెనక నుంచి.

"పొద్దున్నా! అందరికీ చెప్పి, నాకెప్పుడు చెప్దామని?"

"ఇప్పుడు." అతను మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. "పైన పనిలో కూర్చుంటానా, కింద నువ్వు షట్టర్ ఎత్తిన చప్పుడు వినబడేదాకా నా చెయ్యి కుదురుగా ఉండదు. నువ్వు తిట్టని రోజు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఈ నాలుగు మాటలూ మీ అమ్మగారి ముందు ఒక్కసారి పలికితే, నీ ముందు ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

వ్యాను వెనక కార్లు ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. లారీ డ్రైవరొకాయన వానలోకి తల బయటపెట్టి అరిచాడు.

"ఏదో ఒకటి చెప్పమ్మా! మాకు పనులున్నాయి!"

"సరే!" అని అరిచింది ఆమె.

అతను బిక్కమొహం వేశాడు. "అది ఆయనకా, నాకా?"

"ఇద్దరికీ!" అంది ఆమె, అతని తడి చొక్కా పట్టుకుని గుమ్మంలోకి లాగుతూ.