గురి తప్పించిన అంకె

మందమర్రి బజారులో ఉదయం పదకొండు గంటలకు ఇంటెలిజెన్స్ ఏజెంట్ రఘుపతిని చంపారు. టీ గ్లాసు ఎత్తుతుండగా నాలుగు తూటాలు గోడకు తగిలాయి. అయిదోది గొంతులో దిగింది. పేల్చిన మనిషి ఎవరికీ కనపడలేదు. ఎదురుగా ఆగి ఉన్న ట్రాలీ ఆటోలో, టార్పాలిన్ కింద, మోటార్ల మీద బిగించిన రైఫిల్, దాని పక్కన ఒక కెమెరా దొరికాయి.

గంటలో ఏజెంట్ తీతు అక్కడికి చేరాడు. గోదావరిఖని గని కార్మికుడి కొడుకు. రఘుపతితో కలిసి శిక్షణ పొందినవాడు. శవం మీద గుడ్డ కప్పి, గోడ వైపు తిరిగాడు. నాలుగు రంధ్రాలూ ఒకదాని తర్వాత ఒకటి బెత్తెడు చొప్పున ఎడమకు జరిగి ఉన్నాయి.

"చీఫ్, దీన్ని గేమ్ కంట్రోలర్‌తో నడిపారు," అన్నాడు ఫోన్లో. "వేలు తీసినా, గురి తిప్పే స్టిక్ ఎడమకు లాగింది. డెడ్‌జోన్ తక్కువ పెట్టారు."

"నాకర్థమయ్యేలా చెప్పు."

"డెడ్‌జోన్ అంటే, స్టిక్ ఇంతలోపు కదిలితే పట్టించుకోవద్దని చెప్పే అంకె. అది సరిగ్గా లేక తుపాకీ దానంతటదే జరిగింది."

"అయితే ఈపాటికి సరిచేయిస్తుంటారు. మూడింటికి జ్యోతినగర్‌లో ఇంజినీర్ సదానందం గెస్ట్‌హౌస్ మెట్లు దిగుతాడు. విదేశీ ముఠా మన పవర్ గ్రిడ్‌లో దాచిన వైరస్‌ను తీయగలవాడు ఆయనొక్కడే. వాళ్ల తర్వాతి గురి ఆయనే."

"ఆయన్ని లోపలే ఆపండి."

"ఆపితే ముఠా మాయమవుతుంది. తుపాకీని నడిపే చెయ్యి నాకు కావాలి. ఆయన ఒప్పుకున్నాడు. లిల్లీ నీకు సాయం చేస్తుంది, రెండేళ్లుగా ముఠాలో మన మనిషి. కోడ్, 'బొగ్గు తడిసింది.'"

రెండు యాభై అయిదుకు, బసంత్‌నగర్ సిమెంట్ లారీ క్లీనర్ వేషంలో, కనుబొమల నిండా తెల్లటి దుమ్ముతో తీతు గోదావరిఖనిలో ఒక చిన్న షాపులోకి వెళ్లాడు. షూటింగ్ గేముల్లో కంట్రోలర్ ఎలా కదలాలో చెప్పే స్క్రిప్టులు రాసిచ్చే ఎల్లన్న షాపు అది. చుట్టుపక్కల డెడ్‌జోన్ సరిచేసేవాడు అతనొక్కడే. అతనికి అరవై రెండేళ్లు.

"కాకా, నా కంట్రోలర్ ఎడమకు గుంజుతుంది."

"పన్నెండింటికి ఒకామె గిదే రందితోని వచ్చింది. డెడ్‌జోన్ మూడుంటే తొమ్మిది చేసిన. సెన్సిటివిటీ జర దించిన."

"తొమ్మిదే ఎందుకు?"

"ముప్పై ఏండ్లు గనిల వైండింగ్ ఇంజిన్ నడిపిన బిడ్డా. లివర్‌కు జరంత వదులుంటేనే మనుషులను దించే కేజ్ అదరకుండ దిగుతది. లేకుంటే లోపలున్నోళ్ల నడుములు ఇరుగుతయి. గేమయినా గంతే."

తీతు రఘుపతి శవం ఫొటో చూపించాడు. "కాకా, ఆమె ఆడేది గేమ్ కాదు."

ఎల్లన్న కుర్చీలోంచి లేచాడు. "నా అంకెతోని మనిషిని చంపుతరా?"

"ఆమె ఎక్కడ?"

"మీద గది కిరాయికి తీసుకున్నది, ఆడనే ఉన్నది. స్క్రిప్టు మాత్రం ఈ కంప్యూటర్ల నుంచే నడుస్తది."

"బొగ్గు తడిసింది," అంది ఒక గొంతు వెనక నుంచి.

మెట్ల మీద లిల్లీ. ఆకుపచ్చ సిల్కు చీర, ఖరీదైన సెంటు వాసన, పెదవుల మీద నవ్వు. మన మనిషేనని తీతు తేలిగ్గా ఊపిరి తీసుకోబోయాడు. అంతలో ఆమె బొటనవేలి మీద కంట్రోలర్ స్టిక్ రబ్బరు నొక్కిన అచ్చు కనిపించింది. రఘుపతి టీ తాగే చోటు ముఠాకు ఎలా తెలిసిందో అర్థమైంది: ఆమే చెప్పింది. తుపాకీ తీసేలోపే ఆమె పేల్చింది. తూటా అతని తొడలోంచి దూసుకుపోయింది. లిల్లీ పైకి పరుగెత్తింది. ఇనుప తలుపు మూసుకుంది.

రెండు యాభై తొమ్మిది.

"సదానందం మెట్లు దిగుతున్నాడు," అన్నాడు చీఫ్, లైన్‌లోనే ఉన్న ఫోన్లో.

నెత్తుట్లో పడి ఉన్న తీతు అరిచాడు. "కాకా! డెడ్‌జోన్ ఎంతదాకా పోతది?"

"వంద. వంద పెడితే స్టిక్ ఎంత గుంజినా తుపాకీ కట్టె తీరు నిలవడ్తది."

"జల్ది పెట్టు!"

ఎల్లన్న ఒకటి, దాని వెనక రెండు సున్నాలు కొట్టాడు. ఫోన్లో తుపాకీ మోత వినిపించింది. మూడుసార్లు.

"గోడకు తగిలాయి," అన్నాడు చీఫ్. "మూడూ ఒకే రంధ్రంలో. సదానందం క్షేమం. తుపాకీ ఉన్న వ్యాన్ దొరికింది, అందులోని ఇద్దర్నీ పట్టుకున్నాం."

తీతు ఒంటికాలి మీద మెట్లెక్కి గడియ మీద రెండు తూటాలు పేల్చాడు. తలుపు తెరుచుకుంది. లిల్లీ ఇంకా పిచ్చిగా స్టిక్ తిప్పుతోంది. అతన్ని చూసి కంట్రోలర్ విసిరేసి పిస్టల్ అందుకుంది. ఆమె తూటా అతని చెవి అంచును కోసుకుపోయింది. అతని తూటా ఆమె గుండెలో దిగింది. స్క్రీన్ మీద నెత్తురు చిమ్మింది.

ఎల్లన్న పైకి వచ్చి, తువ్వాలతో తీతు తొడకు గట్టిగా కట్టు కట్టాడు. శవం వైపు చూడలేదు.

"దవాఖానకు పోదాం పా బిడ్డా."

"భయపడ్డవా కాకా?"

"భయమేంది? గేమ్‌ల నేను రోజుకు ఇరవైసార్లు సస్త. ఇయ్యాల ఒక్కపారి గూడ సావలే."