టైఫాయిడ్ కోసం ప్రార్థన

ఆదివారం పొద్దున తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ గిద్యోను, "లిదియా, చర్చి అయినంక ఆటో మాట్లాడిన. పిల్లను దవాఖాన నుంచి తెచ్చుకుందాం" అన్నాడు.

ఉప్మా కలుపుతున్న లిదియా చెయ్యి ఆగిపోయింది. "డాక్టరమ్మ ఇంక రెండు వారాలు ఉంచమన్నది గద?"

"సంఘం ఆడోళ్లంత ఇయ్యాల చూడనీకి వస్తరంట. అది ఏం వార్డో చూస్తే మన ముఖం ఎక్కడ పెట్టుకుంటం?"

సురంగల్ సంఘానికి గిద్యోను పెద్ద. ప్రతి ఆదివారం లేచి "ప్రార్థన అవసరతలు ఎవరికున్నయి?" అని అడిగేది ఆయనే. ఎవరింట్లో ఏ జబ్బున్నా అక్కడ పైకి చెప్పాల్సిందే. పోయిన వారం తన వంతు వచ్చేసరికి, కూతురు ప్రేమజ్యోతికి టైఫాయిడ్ అనేశాడు. పాపం, ఆ ఆడవాళ్లు లేని టైఫాయిడ్ కోసం ఉపవాసముండి మరీ ప్రార్థించారు. గండిపేట కాలేజీలో చదివే ఆ పిల్ల, పరీక్షల భయంతో నిద్రమాత్రలు మొదలుపెట్టి, చివరికి అవి లేకుండా ఉండలేని స్థితికి వచ్చిందన్న మాట మాత్రం గడప దాటలేదు. పరువు మనిషి చేత ఎంతెంత పని చేయిస్తుందో!

"ఒక్కసారే మాత్రలు బంద్ జేస్తే ఫిట్స్ వస్తయని డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది. మెల్లమెల్లగ తగ్గియ్యాలంట. ఇంటికి తెచ్చి చంపుకుందామా?"

"గవన్ని గేటెడ్ కాలనీల పిల్లల రోగాలే. అదిగూడ మగపోరగాళ్లకు. మనింట్ల, ఆడపిల్లకు వచ్చిందని ఎట్ల చెప్పాలె?"

"వార్డుల కండ్లు తెరిచి చూసినవా? దాని పక్క మంచం పిల్ల చేవెళ్ల రైతు బిడ్డ. ఎదురుంగ ఉన్నామె కాలేజీ మొకమే చూడలే, బట్టల దుకాణంల పని చేస్తది. ఆడపిల్లలకు రాకుంటె వాళ్లకు వేరే వార్డెందుకు పెట్టిన్రు?" లిదియా పొయ్యి ఆర్పేసింది. "దేవునికి అబద్ధం చెప్పి, మళ్ల ఆయన్నే బాగు చెయ్యమంటున్నవ్."

గిద్యోను బైబిలు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. ఉప్మా ఎవరూ ముట్టలేదు.

చర్చిలో ప్రార్థన అవసరతల వేళ ఆయన లేచి నిలబడ్డాడు. దేవునికి అబద్ధం చెప్పావన్న లిదియా మాట ఇంకా చెవిలోనే ఉంది. "నా బిడ్డకు టైఫాయిడ్ కాదు. నిద్రమాత్రలకు అలవాటు పడ్డది. మీతోటి అబద్ధం చెప్పిన, క్షమించుండ్రి. బాగయ్యేదాంక దవాఖానలనే ఉంటది."

వెనక చాప మీద నుంచి బీరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఎవరి గుట్టు దొరికినా పొద్దుగూకేలోగా ఊరంతా చాటే మనిషి. ఇక అయిపోయిందనుకున్నాడు గిద్యోను.

"అన్నా, మా కొడుకు సుకుమార్ కామెర్లతోని పోయిండని చెప్పిన గద. కామెర్లు కాదు. వానికీ గిట్లనే మాత్రల అలవాటు. నలుగురికి తెలుస్తదని దవాఖాన నుంచి నేనే తీసుకొచ్చుకున్న." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ బిడ్డను తేకు అన్నా."

లిదియా పరుగున వెళ్లి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ బావురుమన్నారు.

మధ్యాహ్నం ఆటో దవాఖానకు వెళ్లింది. తండ్రిని చూసి ప్రేమజ్యోతి భయంగా మంచం మీద లేచి కూర్చుంది. "బాపూ, ఇంటికి తీస్కపోనీకి వచ్చినవా?"

"లేదు బిడ్డా. నీ కాడ కూసోనీకి వచ్చిన. అందరికి ఉన్నదున్నట్టు చెప్పిన."

ఆ పిల్ల తండ్రి చెయ్యి అందుకుని మొహానికి ఆనించుకుంది. ఆయన అరచెయ్యి తడిసిపోయింది.