క్యాప్సూల్ గోతిలో బూటు

"దేవదాస్, లోకం లెక్కలో నువ్వు చచ్చిపోయి పన్నెండేళ్లయింది. వరంగల్‌లో నిన్నెవరూ గుర్తుపట్టకూడదు."

చీఫ్ ఓంప్రకాశ్ బ్రీఫింగులన్నీ ఇంతే, మంచినీళ్లు కూడా ఇవ్వడు. ఒక ఫొటో ముందుకు తోశాడు. నగరం పుట్టినరోజున పాతిపెట్టి, నూరేళ్ల తర్వాత తియ్యబోయే స్టీలు టైమ్ క్యాప్సూల్ అది.

"రెడ్ కోరల్ ముఠా దీని అడుగున బాంబు పెట్టింది. క్యాప్సూల్ గోతిలోకి దిగగానే రిమోట్ నొక్కుతారు. ప్రోగ్రాం ఆపితే అప్పుడే నొక్కేస్తారు. నీ కుడి బూటు మడమలో రిమోట్ సిగ్నల్ ఆపే జామర్ ఉంది. రేంజ్ ఐదడుగులే."

"రిమోట్ ఎవరి దగ్గర?"

"మహిత."

దేవదాస్ ఫొటో వెనక్కి తోశాడు. రెండు దేశాలకూ పనిచేసిన ఆ డబుల్ ఏజెంటే, డిపార్ట్‌మెంట్‌లో అతనితో కలిసి అన్నం తిన్న ఒకే ఒక్క మనిషి.

మర్నాడు పెట్టుడు గడ్డం, రబ్బరు ముక్కు, మెడలో ప్రెస్ కార్డుతో మైదానంలో దిగాడు. అందరూ ఇంటిల్లిపాదీ వచ్చారు. అతనొక్కడే ఒంటరి. గోతి చుట్టూ ముగ్గేసి పసుపు కుంకుమ చల్లారు. క్యాప్సూల్లో పెట్టడానికి తను నేసిన జంపఖానా పట్టుకుని గోతి పక్కనే నిలబడింది అక్క సుకన్య. అతన్ని పెంచిన మనిషి, పోయాడనుకుని దినాలు కూడా చేసిన మనిషి. జుట్టు సగం నెరిసిపోయింది. బాంబు పేలితే ముందు పోయేది ఆమే.

దేవదాస్ గబగబా గోతి దగ్గరికెళ్లి, జామర్ ఆన్ చేద్దామని మడమ నేలకేసి కొట్టాడు. ఉత్త కాలు! ముగ్గు కనబడగానే బూట్లు విప్పేసి వచ్చాడు మరి. ఎంత ట్రైనింగిస్తే ఏం లాభం, వరంగల్ కాళ్లు ఊరుకుంటాయా?

షామియానా దగ్గర చెప్పుల కుప్పలోకి పరిగెత్తాడు.

"ఇంకా ఒక్కడివేనా, దేవా?"

నల్లకళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో ఫోన్. మహిత.

"గడ్డం మార్చావు గానీ నడక మార్చలేదు. నాతో వచ్చెయ్. ఇక్కడ నీకెవరున్నారు?"

ఆ మాట నిజంగానే నొప్పి పుట్టించింది. అవతల క్యాప్సూల్ తాళ్ల మీద దిగుతోంది. దేవదాస్ కుడి బూటు లాగి, మడమ నేలకు కొట్టి, బలంకొద్దీ విసిరాడు. అది పసుపు కుంకుమ మీదుగా దొర్లి దబ్బున గోతిలో పడింది.

మహిత ఫోన్ మీద నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు. చీఫ్ ముందే జనంలో కలిపి ఉంచిన మఫ్టీ మహిళా పోలీసులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. బాంబ్ స్క్వాడ్ క్యాప్సూల్‌ని పైకి లాగింది.

జనం మాత్రం బూటునే చూశారు. సుకన్య ఉరికొచ్చి అతని కాలర్ పట్టుకుంది. చెంప ఛెళ్లుమంది.

"పూజ చేసినకాడ బూటిసురుతవా? సిగ్గుండాలె! నీకు అక్కచెల్లెండ్లు లేరా? ఇంట్ల ఇదేనా నేర్పింది?"

పన్నెండేళ్ల తర్వాత అక్క చెయ్యి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఊళ్లో ఏ ఆడమనిషినైనా అలా పిలవచ్చు, ఎవరూ అనుమానించరు. గొంతు మార్చి అన్నాడు.

"తప్పయింది, అక్కా."

ఆమె చెయ్యి వదిలింది. "ఏడువకు. జర కాళ్లు కడుక్కొని దండం పెట్టుకో, పో."

సాయంత్రం చీఫ్‌కి రిపోర్టు వెళ్లింది: "మిషన్ సక్సెస్. గాయాలు: ఒక చెంపదెబ్బ. వైద్యం వద్దు, నాలుగు రోజులు అలాగే ఉండనివ్వండి."